మూడు నిద్రల పుదుచ్చేరి

బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు నడిపించిన బుస్సీ పేరు బుర్రకథల పుణ్యమా అని తెలుగు ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. 1757 జనవరిలో విజయనగరం పక్షాన నిలబడి బొబ్బిలిని బూడిద చేసిన ఆ ఫ్రెంచి సేనాని 1785లో పుదుచ్చేరిలో కన్నుమూశాడు. అక్కడ అతని పేరుతో ఒక వీధి ఉంది. ప్రభుత్వ కాగితాల్లో లాల్‌బహదూర్ శాస్త్రి వీధి అయినా, ఊరి నోట్లో అది బుస్సీ వీధే. సముద్రపు ఒడ్డు నుంచి ఆ వీధిలోకి తిరిగితే ఒక పసుపురంగు మేడ కనబడుతుంది. మధ్యలో ఈతకొలను, చుట్టూ స్తంభాల వసారాలు, పద్దెనిమిది గదులు. పేరు పలే ద మాహే, ఇప్పుడది హోటలు. శనివారం మధ్యాహ్నాలు ఆ చుట్టుపక్కల ఆంధ్ర, తెలంగాణ నంబర్ల కార్లు కనబడటం మామూలైపోయింది. దిగేవాళ్లలో కొత్త జంటలెవరో ఇట్టే తెలిసిపోతుంది. అమ్మాయి మెడలో తాడు పసుపు తగ్గి ఉండదు, అరచేతి గోరింటాకు వెలిసి ఉండదు.

ఒకప్పుడు హనీమూన్ అంటే ఊటీ, కాదంటే కొడైకెనాల్. రైలు టిక్కెట్లు, అక్కడొక ట్యాక్సీ, అన్నీ ఎవరో ఒకరు కుదిర్చిపెట్టినవే. ఇప్పుడు పెళ్లయిన పది, పదిహేను రోజులకు ఇద్దరే కారెక్కి బయల్దేరుతున్నారు. నెల్లూరు నుంచి చెన్నై మీదుగా పుదుచ్చేరి సుమారు 330 కిలోమీటర్లు. తిరుపతి నుంచి కంచి మీదుగా 240 దాకా ఉంటుంది. విజయవాడ వాళ్లకు 600 కిలోమీటర్ల పైమాటే, దారిలో ఒక రాత్రి ఆగాలి. తెలుగింటి పెళ్లిలో మూడు నిద్రల ముచ్చట ఒకటుంది కదా. పెద్దల సమక్షంలో అవి అయ్యాక, ఎవరూ పిలవని, ఎవరూ తలుపు తట్టని మరో మూడు రాత్రులు కావాలనుకునేవాళ్ల ప్రయాణమిది.

ఆ మూడు రాత్రులు ఎక్కడ గడపాలన్నదే అసలు ప్రశ్న. ఫోనులో వెతికితే వందల గదులు వరసకడతాయి. మంచం మీద తువ్వాలుతో చేసిన హంసలు, గులాబీ రేకులు, చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. పుదుచ్చేరిలో చూడాల్సింది గదిని కాదు, ఇంటిని. ఈ ఊరి చిన్న హోటళ్లలో మంచివి చాలావరకు ఒకప్పుడు మనుషులు కాపురం చేసిన ఇళ్లే. కొత్తగా కాపురం మొదలుపెట్టేవాళ్లకు అంతకంటే తగిన చోటు ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇల్లు ఎంచుకోవాలంటే ముందు కాలువ సంగతి తెలియాలి. ఊరికి నడుమ ఉత్తర దక్షిణాలుగా ఒక కాలువ పారుతుంది. దానికి తూర్పున, సముద్రం వైపు, ఫ్రెంచివాళ్ల పేట. పడమట తమిళుల పేట. 1674లో ఫ్రాన్స్వా మార్తాఁ ఇక్కడ ఫ్రెంచి వర్తకస్థానం నిలబెట్టాడు. 1693లో డచ్చివాళ్లు ఊరిని పట్టుకుని, ఉన్న ఆరేళ్లలో వీధులను చదరంగపు గళ్లలా గీశారు. తిరిగి వచ్చిన ఫ్రెంచివాళ్లు ఆ గీతల మీదే ఇళ్లు కట్టుకున్నారు. 1761లో ఇంగ్లీషువాళ్లు ఊరిని లొంగదీసుకుని కోటనూ తెల్లవాళ్ల ఇళ్లనూ పునాదుల దాకా కూల్చేశారు. కాబట్టి ఈ రోజు తూర్పు వైపు కనిపించే మేడల్లో దాదాపు అన్నీ 1765 తర్వాత మళ్లీ లేచినవే. ఎవరైనా హోటలువారు తమ ఇల్లు అంతకంటే పాతదని చెబితే ఒకటికి రెండుసార్లు అడిగి చూడాలి.

తూర్పు వైపు ఇళ్లు వీధికి మొహం చాటేస్తాయి. ఎత్తయిన ప్రహరీ, కమాను గేటు, దాని మీదుగా జారే కాగితప్పూల తీగ. బయటివాళ్లకు కనిపించేది అంతే. లోపలికి వెళ్తే తోట, దాన్ని చూస్తూ స్తంభాల వసారా, నిలువెత్తు కిటికీలు, వాటికి గాలి ఆడేలా చెక్క పలకల రెక్కలు. పైకప్పు మద్రాసు మిద్దె. టేకు దూలాల మీద ఇటుకలను నిలువుగా పేర్చి సున్నంతో బిగించిన పద్ధతి. ఆ ఎత్తు, ఆ సున్నపు గోడల మందం వల్ల ఎండాకాలం మధ్యాహ్నం కూడా కింది గదుల్లో వేడి నెత్తిన కూర్చోదు. రొమా రోలా వీధిలోని ఓటెల్ ద లోరియాఁ ఇలాంటిదే. ఫ్రెంచి హయాంలో విద్యాశాఖ కార్యాలయం నడిచిన ఈ మేడను నీమ్రాణా సంస్థ బాగుచేయించి, శతాబ్దం మారే రోజుల్లో హోటలుగా తెరిచింది. పుదుచ్చేరిలో పాత ఇంటిని కూల్చకుండా కూడా బతకొచ్చని ఇంటి యజమానులకు చూపిన తొలి ఉదాహరణల్లో అదొకటి. సఫ్రెన్ వీధిలోని విల్లా శాంతి దారి వేరు. అక్కడ పాత ఇంటిని ఉంచుకుంటూనే గదులను నేటి తీరులో, నేటి సామానుతో తీర్చారు. పాతకాలపు బరువు మంచాలు, చీకటి బీరువాలు నచ్చని జంటలకు అదే బాగుంటుంది.

ఈ వైపు దిగితే సముద్రం నడిచే దూరం. అయితే ఆశపడి వెళ్లాక నిరాశపడకుండా ఒక మాట ముందే చెప్పుకోవాలి. ఊరి ముందున్న ఒడ్డు చాలాచోట్ల నల్లరాళ్ల కట్ట. 1980ల చివర దక్షిణాన అరియాంకుప్పం ఏటి మొగ దగ్గర రేవు గోడలు కట్టాక ఇసుక కదలిక ఆగిపోయి తీరం కోసుకుపోయింది. ఈ మధ్య నీటి అడుగున కృత్రిమ దిబ్బ నిలిపాక సచివాలయం ఎదుట కాస్త ఇసుక తిరిగొచ్చింది. అది కాళ్లు తడుపుకోవడానికే, ఈతకు కాదు. ఆ లోటును బీచ్ రోడ్డు తీరుస్తుంది. సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఏడున్నర దాకా ఆ రోడ్డు మీదికి బండ్లను రానివ్వరు. కిలోమీటరుకు పైగా పొడవున జనం నడుస్తూనే ఉంటారు. కారులో వచ్చేవాళ్లు మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఆ రోడ్డు వైపు వాకిలి ఉన్న బస అయితే ఆరుకు ముందే చేరాలి.

కాలువ దాటి పడమటికి వెళ్తే ఇళ్లు మనిషిని పలకరిస్తాయి. గోడలు వీధిని ఆనుకునే ఉంటాయి. ముందు చెక్క స్తంభాల మీద వాలిన పెంకుల చూరు, దాని కింద అరుగు. దారినపోయేవాడు ఎండకు ఆగి కూర్చోవడానికి కట్టిన అరుగు అది. చెక్కిన ద్వారబంధం దాటి లోపలికి అడుగుపెడితే ఆకాశానికి తెరుచుకున్న నడుమ వాకిలి, నాలుగు వైపులా వసారాలు, వాటి వెనక గదులు. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లు దీన్ని చూడగానే గుర్తుపడతారు. ఇది మన మండువా లోగిలే. వాన పడితే నీళ్లు నడిమి వాకిట్లోకి దూకే అదే ఏర్పాటు.

పుదుచ్చేరి ప్రత్యేకత ఈ తమిళ ఇంటి మేడమీద ఉంది. కింద అంతస్తు చెక్క స్తంభాలతో దేశీ పద్ధతి, పై అంతస్తు సున్నపు స్తంభాలతో, కమాను కిటికీలతో ఫ్రెంచి పద్ధతి. ఈ కలయికకు పాత సాక్ష్యం 1730లలో కట్టిన ఆనందరంగ పిళ్లై మేడ. ఫ్రెంచి గవర్నరు డ్యూప్లే దగ్గర దుబాసీగా ఉండి, 1736 నుంచి పాతికేళ్ల పాటు దినచర్య రాసిన పిళ్లై తెలుగు కవులకూ ఆశ్రయమిచ్చాడు. కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథాన్ని ఆయన పేరుతోనే ఆనందరంగరాట్ఛందమని పిలిచి అంకితమిచ్చాడు. తెలుగు పద్యం మీద మమకారం ఉన్న జంట రంగ పిళ్లై వీధిలో ఆ మేడ ముందు ఒక్క నిమిషమైనా ఆగితే బాగుంటుంది.

బసకు మాత్రం ఆ పక్కనే ఉన్న కల్వే సుబ్బరాయ చెట్టి వీధి చూడాలి. జనం దాన్ని వైశ్యాళ్ వీధి అంటారు, అంతకుముందు అది కోముట్టి వీధి. కోమట్ల వీధన్నమాట. 1910 ఏప్రిల్ 4న ఓడ దిగిన అరవిందులు ఆ వీధిలోనే కల్వే శంకర చెట్టి ఇంటి మేడమీద ఆర్నెల్లు తలదాచుకున్నారు. తొంభై ఏళ్ల తర్వాత అదే వీధి మళ్లీ వార్తల్లోకెక్కింది. యూరోపియన్ యూనియన్ నిధులతో, ఇటలీలోని ఉర్బీనో, ఫ్రాన్సులోని విల్నవ్-సుర్-లో ఊళ్ల భాగస్వామ్యంతో, వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ ఆ వీధి ఇళ్ల ముందుభాగాలను వరసగా బాగుచేసింది. అరుగులు, చూరులు, స్తంభాలు పాత రూపానికి వచ్చాయి. 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం ఆ వీధిని వెతుక్కుంటూ వచ్చింది. ఒక్క ఇంటికి కాదు, వీధి మొత్తానికి. కల్వే అన్న పేరుతోనే ఆ వీధిలో ఒక పాత ఇల్లు హోటలైంది. కొంచెం అవతల పెరుమాళ్ కోయిల్ వీధిలో మెజాఁ పెరుమాళ్ ఉంది. శతాబ్దం దాటిన ఇల్లు, పదే గదులు. అక్కడ భోజనం నడిమి వాకిలి చుట్టూ ఉన్న వసారాలో వడ్డిస్తారు. వంట పుదుచ్చేరి తీరుది. చేపల పులుసులో కొబ్బరిపాల పక్కన ఫ్రెంచి వంటింటి మెతకదనం తెలుస్తుంది.

తూర్పా, పడమరా అంటే ఈ కథనం ఓటు పడమటికే. ఫ్రెంచి పేట ఫొటోల్లో అందంగా ఉంటుంది. కానీ వారాంతంలో ఆ పసుపు గోడల ముందు కెమెరాలు పట్టుకున్న గుంపులు పొద్దున ఏడింటికే చేరతాయి. తమిళ పేటలో ఎదురింటి ఆవిడ ముగ్గు పెడుతూ కనిపిస్తుంది, పూలమ్మి కేకేస్తుంది, గుడి గంట వినబడుతుంది. కొత్త ఊళ్లో ఉన్నట్టూ ఉంటుంది, ఇంట్లో ఉన్నట్టూ ఉంటుంది. పది గదుల ఇంట్లో రెండో పూటకే వడ్డించేవాడికి మీకు కాఫీలో చక్కెర ఎంత కావాలో తెలిసిపోతుంది.

మండువా ఇంటికి ఒక గుణం ఉంది. శబ్దం దాస్తే దాగదు. వాకిట్లో చెంచా పడితే నాలుగు మూలలా వినిపిస్తుంది. నిన్నగాక మొన్న పెళ్లయినవాళ్లకు ఏకాంతం ముఖ్యం గనక ఎండాకాలం కాకపోతే గది బుక్ చేసేటప్పుడే మేడమీద మూల గది అడగాలి. దాని కిటికీ వాకిట్లోకి తెరుచుకుంటుందా, పెరటి వైపా, వీధి వైపా? స్నానాల గది లోపలే ఉందా? వాకిలి ఆకాశానికి తెరిచే ఉందా, అద్దం బిగించేశారా? కరెంటు పోతే ఏసీ కూడా నడుస్తుందా, ఫ్యానొక్కటేనా? వెబ్‌సైటు ఇవన్నీ చెప్పదు. ఫోను చేసి మాట్లాడాలి. అసలు పరీక్ష కూడా ఆ ఫోనులోనే జరిగిపోతుంది. ఇల్లు ఎవరిది, ఎప్పుడు కట్టింది, ఏం మార్చారు అని అడిగితే ఉత్సాహంగా చెప్పుకుపోయే మనిషి ఉన్న చోటు మంచిది. మెట్లకింద మట్టి కుండలు పేర్చి, గోడకు పసుపు రంగు కొట్టి హెరిటేజ్ అని బోర్డు పెట్టిన సిమెంటు కట్టడాలు ఈ ఊళ్లో బోలెడున్నాయి. వాటిల్లో పనిచేసేవాళ్లు ఆ ప్రశ్నకు గదుల ధరల పట్టిక చదువుతారు.

కారు విషయం కూడా ఆ ఫోనులోనే తేల్చుకోవాలి. ఈ ఇళ్లు కట్టిన రోజుల్లో గుర్రబ్బండ్లు, పల్లకీలే. చాలా హోటళ్లకు సొంత పార్కింగ్ లేదు, వీధిలోనే పెట్టాలి, చాలా వీధులు ఒకవైపు రాకపోకలవే. ఇక ధర. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. ఆ గీత మీద ఉన్న గదైతే వారం మధ్యలో వెళ్తే గీత కిందికి దిగే అవకాశం ఉంటుంది.

అంత పెట్టలేనివాళ్లకు అరవిందాశ్రమం వారి అతిథి గృహాలున్నాయి. బీచ్ రోడ్డు దక్షిణపు కొసన ఉన్న పార్క్ గెస్ట్‌హౌస్ వాటిలో పేరున్నది. గది సాదాసీదా, ముందు తోట, దాని అవతల సముద్రం. ఆ దృశ్యానికి పక్క హోటళ్లలో ఎన్నో రెట్లు కట్టాలి. పొగ, మద్యం నిషేధం, రాత్రి పదిన్నరకు గేటు మూసేస్తారు. ఆ నియమాలకు ఇష్టపడి వెళ్లే జంటలకు పొద్దున్నే సూర్యోదయం పడక మీదికే వస్తుంది.

ముహూర్తం ఏ నెలలో పడిందన్నదాన్ని బట్టి కూడా ఇల్లు మారాలి. మాఘం, ఫాల్గుణం పెళ్లిళ్లకు పుదుచ్చేరి వరమే. గాలి హాయిగా ఉంటుంది, నడిమి వాకిలి ఉన్న ఏ ఇల్లయినా బాగుంటుంది. వైశాఖ, జ్యేష్ఠాల్లో మందపు గోడలు, ఎత్తు కప్పు ఉన్న కింది అంతస్తు గది నయం, మేడమీద కప్పు కిందనే ఉన్న గది మధ్యాహ్నానికి కాగిపోతుంది. ఆషాఢంలో ఎలాగూ కొత్త కోడలు పుట్టింట్లోనే. శ్రావణంలో ఆగస్టు 15 అరవిందుల జన్మదినం కూడా గనక గదులు ముందే నిండిపోతాయి. తెలుగువాళ్లు పొరబడేది కార్తీక, మార్గశిరాల్లో. మన దగ్గర చలి మొదలయ్యే ఆ రోజులు అక్కడ ఈశాన్య రుతుపవనాల కాలం. 2011 డిసెంబరు 30న థానే తుపాను ఈ ఊరి పక్కనే తీరం దాటింది. 2024 నవంబరు చివర ఫెంగల్ వచ్చినప్పుడు ఒక్క రోజులో 46 సెంటీమీటర్లకు పైగా వాన కురిసి వీధులు చెరువులయ్యాయి. ఆ నెలల్లో వెళ్లేవాళ్లు డబ్బు తిరిగిచ్చే పద్ధతి ఉన్న చోటే బుక్ చేసుకోవాలి.

ఇలాంటి ఇళ్లలో దిగి డబ్బు కట్టడం వల్ల ఆ ఇళ్లకు ఊపిరి అందుతుంది. సున్నం గోడను ఏటా చూసుకోవాలి, దూలాలకు చెదలు పట్టకుండా కాపాడాలి. పదిమంది వారసులున్న ఇంట్లో ఆ ఖర్చు ఎవరు పెడతారు? కూల్చి అపార్ట్‌మెంటు కడితే చేతికి సొమ్ము వస్తుంది. గత కొన్ని దశాబ్దాల్లో పుదుచ్చేరి అలా వందల పాత ఇళ్లను పోగొట్టుకుంది. ప్రభుత్వ భవనాలకూ ఆ గతి తప్పలేదు. 1870ల నాటి నగరసభ భవనం మేరీ 2014 నవంబరు 29న వానకు నాని కుప్పకూలింది. పాత రూపంలోనే తిరిగి కట్టి 2021లో తెరిచారు. ఇల్లు సంపాదించుకుంటే ఇల్లు నిలుస్తుందన్న ఆలోచన లోకానికి కొత్తదేమీ కాదు. స్పెయిన్ ప్రభుత్వం 1928లో పరదోర్ల పరంపర మొదలుపెట్టి, పాత కోటలనూ మఠాలనూ బసలుగా మార్చి కాపాడుకుంటోంది.

ఇదంతా చూస్తున్నప్పుడు కోనసీమ గుర్తుకు రాక మానదు. అక్కడి మండువా లోగిళ్లు కొన్ని సినిమా షూటింగులకు అద్దెకు పోతున్నాయి, కొన్ని తాళం కప్పలతో కునారిల్లుతున్నాయి, కొన్నింటి ద్వారబంధాలు ఊడిపోయి పాత సామాన్ల కొట్లకు చేరుతున్నాయి. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాం ఆ గోదావరి ఒడ్డునే ఉంది. అదే ప్రభుత్వం కింద ఒక వీధిని అంత శ్రద్ధగా నిలబెట్టుకున్న అనుభవం ఉన్నప్పుడు, మన లోగిళ్లలో పదింటికైనా ఆ భాగ్యం ఎందుకు దక్కకూడదు? ఏ అమలాపురం పక్కనో అలాంటి ఇల్లు తెరిస్తే తెలుగు జంటలు ఇంత దూరం రావాల్సిన పని సగం తగ్గిపోతుంది.

ఇక పుదుచ్చేరికి తిరిగొస్తే, మూడు రాత్రుల్లో రెండు ఊళ్లో గడిపి, మూడోది పల్లెపట్టున గడపాలి. కారు తెచ్చుకున్నందుకు ఫలం అక్కడే. ఉత్తరాన ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద పదిహేను కిలోమీటర్ల దాకా వెళ్తే జాలరి పల్లెల పక్కన సరుగుడు తోపుల్లో డ్యూన్ ఎకో విలేజ్ ఉంది. కూల్చిన పాత ఇళ్ల తలుపులు, స్తంభాలు, దూలాలు తెచ్చి కట్టిన కుటీరాలు, ముందు సొంత ఇసుక ఒడ్డు. ఊళ్లో దొరకని సముద్రం ఇక్కడ దొరుకుతుంది. ఆ చుట్టుపక్కలే ఆరోవిల్. 1968 ఫిబ్రవరి 28న మొదలైన ఈ ఊళ్లో ఎర్రమట్టి దారుల వెంట అతిథి గృహాలున్నాయి. అక్కడి మాతృమందిరం లోపలి గదిలోకి వెళ్లాలంటే రోజుల ముందే పేరు నమోదు చేసుకోవాలి, అప్పటికప్పుడు వెళ్తే బయటి నుంచే చూసి రావాలి.

పడమటి వైపు పది కిలోమీటర్లలో ఊసుటేరి చెరువు, చలికాలంలో వలస పక్షులు. దక్షిణాన నాలుగు కిలోమీటర్లలో అరికమేడు. 1945లో పురావస్తు శాస్త్రవేత్త మోర్టిమర్ వీలర్ తవ్వించినప్పుడు రోమన్ల మద్యం జాడీల పెంకులు బయటపడ్డది అక్కడే. ఇప్పుడు మామిడి చెట్ల నీడలో పాత ఇటుక గోడలు తప్ప పెద్దగా చూసేదేమీ లేదు. రెండు వేల ఏళ్ల కిందటి రేవు ఇదని తెలిసి నడిచేవాళ్లకు అదే చాలు. ఇంకాస్త కిందికి వెళ్తే బాహూరు. చోళుల నాటి మూలనాథ స్వామి గుడి, పక్కన పెద్ద చెరువు, కనుచూపు మేర వరిచేలు. పొద్దున్నే వెళ్లి ఎండెక్కేలోపు తిరిగొచ్చేంత దూరం.

తిరుగు దారికి ఈసీఆర్ వద్దనుకునేవాళ్లకు సెంజి దారి ఉంది. పుదుచ్చేరికి వాయవ్యంగా సుమారు 70 కిలోమీటర్లు. తెలుగు నాయకులు ఏలిన కోట అది. 2025 జులైలో మరాఠా సైనిక దుర్గాలతో పాటు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. అక్కడి రాజగిరి కొండ ఎక్కాలంటే ఉదయం ఎనిమిదింటికే కింద ఉండాలి, ఎండలో ఆ మెట్లు ఎక్కడం కష్టం. ఎక్కలేకపోతే కిందనే కల్యాణ మహల్ ఉంది. చదరపు వాకిలి నడుమ అంతస్తుల మీద అంతస్తులుగా లేచిన గోపురం అది. అక్కడి నుంచి నలభై కిలోమీటర్లలో తిరువణ్ణామలై, తర్వాత వేలూరు, చిత్తూరు, తిరుపతి. అరుణాచలేశ్వరుడి దర్శనం చేసుకుని, తిరుమల కొండెక్కి ఇంటికి చేరాలనుకునే జంటలు ఈ దారినే పోతారు. ఒక్క జాగ్రత్త. పున్నమి రోజున గిరి ప్రదక్షిణకు లక్షల మంది వస్తారు, అందులో తెలుగువాళ్లే వేలకు వేలు. ఆ ముందు రోజు నుంచే తిరువణ్ణామలైలో గది దొరకదు, ఊళ్లోకి కారు పోదు. బయల్దేరే ముందు పంచాంగం చూసి, పున్నమి అడ్డొస్తే తిండివనం, వందవాసి, కంచి మీదుగా తిరగాలి. అది కాస్త సన్నని రోడ్డే గానీ చెరువు గట్ల పక్కన, చింతచెట్ల నీడన పోతుంది, మధ్యాహ్నానికి కంచి చేరితే భోజనం అక్కడే.